కొండబాబు అడుగు: ఒక యానిమేషన్ సంగీత చిత్రం పని డైరీ

జూన్ 14

మూడేళ్లుగా మాటల్లోనే నలుగుతున్న పని ఈ రోజు కాగితం మీదికి వచ్చింది. 1933 మార్చిలో న్యూయార్కులో విడుదలైన ‘కింగ్ కాంగ్’ కథను, పాటలతో నడిచే పదకొండు నిమిషాల యానిమేషన్ చిత్రంగా, విశాఖపట్నం రేవులో జరిగినట్టు మళ్లీ చెప్పాలన్నది మా సంకల్పం. పని చేసేది ముగ్గురమే: కదిలే బొమ్మలు వేసే మా పిన్నికూతురు, నేపథ్య చిత్రాలు వేసే ఆమె స్నేహితురాలు, శబ్దమూ కూర్పూ లెక్కలూ చూసుకునే నేను. సెకనుకు 24 ఫ్రేముల్లో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 660 సెకన్లకు 7,920 బొమ్మలు. ఈ అంకెను గోడ మీద సుద్దతో రాసుకున్నాము. దాన్ని చూసి భయపడటం మానేసేదాకా చెరపకూడదని ఒప్పందం.

ఆ చిత్రంలోని మహా వానరం కాంగ్ పేరునూ రూపాన్నీ మేము తీసుకోవడం లేదు. ఓడ, దీవి, గోడ, బంధనం, నగరంలో ప్రదర్శన, తప్పించుకోవడం, ఎత్తయిన చోటికి ఎక్కడం అనే ఎముకల గూడు మాత్రమే ఆ చిత్రానిది. మా జంతువు కొండముచ్చు, దాని పేరు కొండబాబు. ఉత్తరాంధ్రలో వీధికొక కొండబాబు ఉంటాడు కాబట్టి పేరు వినగానే మనవాడే అనిపిస్తుందని పిన్నికూతురి వాదన. నాకు మొదట హాస్యంగా తోచినా, రెండు రోజులు నోట్లో నానాక మరో పేరు పెట్టలేకపోయాను.

కథాకాలం కూడా 1933. ఆ సంవత్సరమే అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ రాకతో విశాఖ రేవు సముద్రయానానికి తెరుచుకుంది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అక్కడ కాంగ్ తెర మీదికి ఎక్కిన ఏడాదే ఇక్కడ పెద్ద ఓడలు లోపలికి రావడం మొదలైందన్న సంగతి తెలిసిన నాటి నుంచీ ఈ కథను మరెక్కడో పెట్టాలన్న ఆలోచనే రాలేదు. మూలంలో సినిమా తీసేవాడు దీవికి వెళతాడు; మా కథలో వెళ్లేది ఒక నాటక కంపెనీ యజమాని. అంతకు ముందు సంవత్సరమే తెలుగు టాకీ వచ్చింది, అతని డేరాకు జనం తగ్గారు, రేవు ప్రారంభోత్సవానికి వచ్చే జనానికి టాకీలో దొరకని వింతను చూపించి అప్పులు తీర్చుకోవాలని అతని ఆశ. మూలంలోని దీవివాసుల చిత్రణ ఈనాడు చూడటానికే ఇబ్బందిగా ఉంటుంది కనుక మా దీవిలో మనుషులు లేరు, ఎవరో కట్టి వదిలేసిన గోడ మాత్రం ఉంది.

జూన్ 29

పాత చిత్రాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూశాము. విల్లిస్ ఓబ్రయన్ కదిలించిన కాంగ్ బొమ్మ ఎత్తు సుమారు 18 అంగుళాలు; మార్సెల్ డెల్గాడో లోహపు కీళ్ల మీద కండలు పేర్చి, పైన కుందేలు చర్మం తొడిగాడు. ప్రతి ఫ్రేముకూ బొమ్మను తాకక తప్పదు కాబట్టి వేళ్లు పడిన చోటల్లా బొచ్చు లేచి, తెర మీద ఎప్పుడూ గాలికి అల్లాడుతున్నట్టు కనిపిస్తుంది. అది పొరపాటే అయినా జంతువు కోపంతో బొచ్చు నిక్కబొడుచుకున్నట్టు ఉంటుంది. చేత్తో గీసే మాకు అలాంటి అదృష్టం లేదు. ఒకే గీతను మళ్లీ మళ్లీ గీసినప్పుడు వచ్చే వణుకును బొచ్చులో మాత్రం దిద్దకుండా వదిలేయాలని, ముఖం దగ్గర పూర్తిగా దిద్దాలని నిర్ణయించాము.

సంగీతం గురించి ఒక సంగతి నన్ను వదలడం లేదు. మాక్స్ స్టైనర్ ఆ చిత్రానికి 46 మంది వాద్యబృందంతో సంగీతం చేశాడు, కానీ పేర్లు పడ్డాక ఓడ మంచులో దీవిని సమీపించే వరకు సంగీతం దాదాపు వినిపించదు. పట్నం మాటలతో నడుస్తుంది, దీవి సంగీతంతో మొదలవుతుంది. దీవి నాయకుడు మెట్లు దిగుతూ వస్తుంటే ఒక్కో అడుగుకు ఒక్కో స్వరం పడుతుంది. మాది పాటల చిత్రం కనుక ఈ పద్ధతిని తలకిందులు చేయాలి: పాట మొదటి నుంచీ మనుషులది, జంతువు వచ్చినప్పుడు ఆ పాటకు ఏదో కావాలి. ఆ ఏదో ఏమిటన్నది ఇంకా తేలలేదు.

ఈ దారిలో మాకంటే ముందు నడిచినవాళ్లు లేకపోలేదు. 1998లో ‘ద మైటీ కాంగ్’ అనే కార్టూన్ సంగీత చిత్రం వచ్చింది, దానికి పాటలు షెర్మన్ సోదరులు రాశారు. ఒకసారి చూసి పక్కన పెట్టేశాము, మళ్లీ చూస్తే చేతికి అంటుకుంటుందేమోనన్న భయంతో. ఒక్కటి మాత్రం ఆ రోజే ఖాయం చేసుకున్నాము: కొండబాబు పాడడు.

జులై 8

కొలతల దగ్గర ఇబ్బంది ఎదురైంది. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండను నేపథ్యంగా పెట్టి గీసిన మొదటి చిత్రంలో పదహారు మీటర్ల కొండముచ్చు పిల్లికూనలాగా కనిపించింది, ఎందుకంటే కంటికి కొలబద్దగా పక్కన కొండ ఉంది. మూల చిత్రకారులు కూడా ఈ విషయంలో నిజాయితీగా లేరు. కాంగ్‌ను దీవిలో 18 అడుగులుగా, న్యూయార్కులో 24 అడుగులుగా లెక్క వేసుకుని నడిపించారు. చూసేవాడికి కావలసింది టేపుతో కొలిచే ఎత్తు కాదన్న ధైర్యం వాళ్లను చూసే వచ్చింది.

భీమిలి దారిలో ఒక పొద్దుటిపూట తాటిచెట్ల వరుసను గీసుకుంటూ కూర్చున్నప్పుడు పరిష్కారం దొరికింది. తాటిచెట్టంత మనిషి అని మన నోట ఎప్పటి నుంచో ఉన్న మాటే. తాటిచెట్టు ఎంత ఎత్తో తెలుగువాడి మెడకు తెలుసు, ముంజెల కోసం తలెత్తి చూసి చూసి. కొండబాబు తొలిసారి కనిపించే దృశ్యంలో ఆరు తాటిచెట్లు నిలబడి ఉంటాయి, వాటిలో ఒకటి కదులుతుంది, అది అతని తోక. కొండ ఆ దృశ్యంలో లేదు. దాన్ని చివరి దాకా దాచి ఉంచుతున్నాము.

జులై 27

నడక మొదటి పరీక్ష ఘోరంగా తప్పింది. రేవు పాటకు మేము అనుకున్న వేగం నిమిషానికి 120 దెబ్బలు, అంటే దెబ్బకు అర సెకను, 12 ఫ్రేములు. దెబ్బకొక అడుగు చొప్పున గీస్తే కొండబాబు దసరా పులివేషంలాగా చిందులు వేశాడు. లోపల ఒక మనిషి ఉన్నాడని, సాయంత్రానికి వేషం విప్పి టీ తాగుతాడని అనిపించింది. రెండు దెబ్బలకొక అడుగు చొప్పున, 24 ఫ్రేములకు సాగదీస్తే పులివేషం పోయి పోలీసు కవాతు వచ్చింది. పాటతో కాలు కలిసినంతసేపూ అతను పాటకు సేవకుడుగానే కనిపిస్తున్నాడు. రెండు వారాల్లో గీసిన 212 బొమ్మలు అటకెక్కాయి. పిన్నికూతురు రెండు రోజులు మాట్లాడలేదు, ఆమె కోపం న్యాయమైనదే.

ఆగస్టు 3

ఇది నా రోజు, ఎందుకంటే లెక్క నాకు అర్థమైంది. వేలాడే కాలు ఒక లోలకం లాంటిది. దాని ఊగుకు పట్టే కాలం పొడవుతో సమానంగా పెరగదు, పొడవు వర్గమూలంతో పెరుగుతుంది. కొండబాబు మనిషికి పదిరెట్లు పొడవు. పది వర్గమూలం సుమారు 3.16. మామూలు మనిషి అడుగుకు అర సెకను పడితే ఇతనికి ఒక సెకను యాభై ఎనిమిది వందో వంతులు పట్టాలి, అది 38 ఫ్రేములు. రెండు ఫ్రేములు మినహాయిస్తే 36, అంటే సరిగ్గా మూడు దెబ్బలు.

ఈ మూడు అన్న అంకె చూసిన మరుక్షణం కుర్చీలో నుంచి లేచాను. పాట చతురశ్రంలో, నాలుగు దెబ్బల ఆవృత్తంలో నడుస్తుంది. అతని కాలు మూడు దెబ్బలకొకసారి పడుతుంది. మొదటి అడుగు సమం మీద, అంటే ఆవృత్తం మొదటి దెబ్బ మీద పడితే, రెండోది నాలుగో దెబ్బ మీద, మూడోది తరువాతి ఆవృత్తంలో మూడో దెబ్బ మీద, నాలుగోది ఆ పై ఆవృత్తంలో రెండో దెబ్బ మీద పడి, 144 ఫ్రేముల తరువాత, ఆరు సెకన్లకు, మళ్లీ సమం మీదికి వస్తుంది. మనుషులు తమ పాట పాడుకుంటుంటే అతను తన లెక్కలో తాను నడుస్తాడు. ఆరు సెకన్లకొకసారి మాత్రం రెండు లెక్కలూ ఒకే చోట తగులుకుంటాయి, ఆ తగులుకున్న చోట నేల అదరాలి. జూన్‌లో పాటకు ఏదో కావాలని రాసుకున్నాను కదా, అది ఇదే.

అడుగు లోపలి పంపకం ఇలా కుదిరింది. కాలు లేవడానికి 17 ఫ్రేములు, పైన 4 ఫ్రేముల నిలకడ, పడటానికి 13, నేల మీద అదిమి సర్దుకోవడానికి 2. ఆ 13 నా ఊహ కాదు: ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి ఏ వస్తువు పడినా 0.55 సెకను పడుతుంది. అంతటా నెమ్మది చేస్తే నీళ్లలో నడిచినట్టు ఉంటుంది. కాబట్టి లేవడంలో బద్ధకం, పడటంలో భూమ్యాకర్షణ. పడే ఆ 13 ఫ్రేములను మాత్రం రెండేసి కాకుండా ఒక్కో ఫ్రేముకొక బొమ్మ చొప్పున గీస్తున్నాము. గోడ మీది అంకె పెరిగింది. దాన్ని దిద్దే ధైర్యం ఎవరికీ లేదు.

ఆగస్టు 24

రేవు పాట రికార్డింగు. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల బృందం వచ్చింది, పద్నాలుగు మంది, గుండెల మీద తప్పెటలు, కాళ్లకు గజ్జెలు. పల్లవి నేనే కట్టాను:

ఓడొచ్చెనోయమ్మ ఓడొచ్చెను
రేవులోనికి పెద్ద ఓడొచ్చెను
మూటగట్టి ఏమి తెచ్చెను
మూత తీస్తే కొండ లేచెను

చెవిలో క్లిక్ (వేగం తప్పకుండా దెబ్బలు వినిపించే టిక్కు టిక్కు శబ్దం) పెట్టుకుని వాయించమంటే వాళ్లు మర్యాదగా పెట్టుకున్నారు, మర్యాదగానే దాన్ని లెక్క చేయలేదు. 120 దగ్గర మొదలైన పాట మూడో చరణానికి 144కు చేరింది. అక్కడ దెబ్బకు 10 ఫ్రేములే. నా మూడు, నాలుగుల అందమైన లెక్క అక్కడితో చెదిరిపోయింది, నేను గది మూలన నిలబడి కాగితం నలుపుకుంటున్నాను. బృందం పెద్దను కదిపితే, “భయమేసినోడు నిదానంగా పాడతాడేటి బాబూ?” అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

రాత్రంతా ఆలోచించి, పాటను సాఫ్టువేరుతో నిలకడ చేయకూడదని తేల్చుకున్నాము. జనం భయంతో వేగం పెంచుతారు. కొండబాబు అడుగు మొదటి నుంచి చివరి దాకా 36 ఫ్రేములే. మొదట్లో ఆరు సెకన్లకొకసారి జరిగే కలయికలు పోను పోను ఎక్కడ పడతాయో తెలియకుండా పోతాయి. చివరి కలయికను మాత్రం చేత్తో పెట్టుకుంటాము.

సెప్టెంబరు 15

కొండబాబు గొంతు. 1933లో ముర్రే స్పైవాక్ సింహం, పులి గర్జనలను రికార్డు చేసి, వేగం తగ్గించి, వెనక్కి తిప్పి కాంగ్ గొంతును తయారు చేశాడు. 1954 నాటి ‘గాడ్జిల్లా’ అరుపును సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఆలోచన మీద, డబుల్ బేస్ తీగను రెసిన్ పూసిన తోలు చేతితొడుగుతో లాగి పుట్టించారు. చర్మమూ తీగా అన్న ఈ రెండు మాటలూ ఒకచోట వినగానే మన జముకు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం. ఒక మూతికి తోలు బిగించిన గొట్టం, ఆ తోలు నడిమి నుంచి బయలుదేరిన తీగ. చంకలో ఇరికించుకుని, తీగను బిగిస్తూ వదులుతూ మీటితే అది మూలుగుతుంది, దబాయిస్తుంది, ఏడుస్తుంది. జముకుల కథ చెప్పేవాళ్ల చేతిలో అది వాద్యం కంటే ఎక్కువగా మరో మనిషి.

కథ చెప్పే ఒక తాతగారు విజయనగరం వైపు నుంచి వచ్చారు. అద్దెకు తీసుకున్న రికార్డింగు గదిలో మూడు గంటలు వాయించారు. ఇంటికి వచ్చి వేగాన్ని సగానికి తగ్గించగానే స్థాయి ఒక అష్టకం కిందికి దిగి, తోలు ఒక్కసారిగా ఒక ఛాతీ అయింది, ఒళ్లు జలదరించింది. మూడో నిమిషంలో రెండో సంగతి బయటపడింది. గర్జనల మధ్య ఖాళీల్లో సన్నని ఝంకారం ఉంది. గదిలోని ఏసీ రొద, మామూలు వేగంలో జముకు వెనక దాక్కున్నది, నెమ్మదించేసరికి ఎలుగెత్తింది. మన కరెంటు 50 హెర్ట్జులు, దాని రొద 100 దగ్గర గట్టిగా ఉంటుంది, సగం వేగంలో అది 50కి దిగి సరిగ్గా కొండబాబు గొంతు నివసించే చోటే కూర్చుంది. తీసేస్తే గొంతు పలచబడుతోంది. గదివాళ్లను అడిగితే అందరికీ అలాగే వస్తుందన్నారు. తాతగారిని మళ్లీ పిలవడానికి మొహం చెల్లక నాలుగు రోజులు తాత్సారం చేశాను. ఆయన మాత్రం ఫోనులో నవ్వి, ఫ్యాను కూడా లేని చోట వాయిద్దామన్నారు. రెండోసారి మా మేడ మీది ఖాళీ నీళ్ల ట్యాంకులో, చెమటలు కక్కుతూ రికార్డు చేశాము.

అక్టోబరు 11

వర్షాల వల్ల కరెంటు వస్తూ పోతూ ఉంది, పని మందగించింది. అయినా జాలరిపేట దృశ్యం పూర్తయింది, ఇప్పటి వరకు చేసినవాటిలో నాకు నచ్చింది ఇదే. ఇసుక మీద పరచిన వలలో ఎండుచేపలు ఆరబెట్టి ఉంటాయి. అడుగు దూరంగా పడుతుంది. అది మనకు కనిపించదు. ఆరు ఫ్రేముల తరువాత ఎండుచేపలు బెత్తెడు ఎత్తు ఎగిరి పడతాయి, ఒక్కటి తిరగబడి తెల్లని పొట్ట చూపిస్తుంది. వాటి పక్కన ఉన్న కాకి ఎగరదు, ఒక్క అడుగు పక్కకు జరుగుతుంది. ఈ కాకిని జరపడానికి పిన్నికూతురికి ఒక రోజు పట్టింది, ఎగరేసి ఉంటే గంటలో అయ్యేది.

శబ్దానికీ దూరం ఉంది. అది సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. కొండబాబు 340 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు కాలు పడిన 24 ఫ్రేములకు, పాట వేగం 120 ఉన్నచోట రెండు దెబ్బల తరువాత, చప్పుడు చేరుతుంది. 170 మీటర్లకు వస్తే 12 ఫ్రేములు. అతను దగ్గరవుతున్న కొద్దీ చూపుకూ వినికిడికీ మధ్య సందు మూసుకుపోతుంది. ఎవరూ దీన్ని లెక్క పెట్టరు, కానీ కడుపులో తెలుస్తుంది. మామూలుగా చిత్రాల్లో దూరంగా జరిగిన పేలుడు కూడా కంటికీ చెవికీ ఒకేసారి అందుతుంది. అలవాటు పడిన కూర్పరి మిత్రుడొకడు మా దృశ్యం చూసి సింక్ తప్పిందని చెప్పాడు. దిద్దలేదు.

అక్టోబరు 30

ముగింపు గొడవ తీరింది. మూలంలో కాంగ్ ఎక్కిన ఎంపైర్ స్టేట్ భవనం అప్పటికి రెండేళ్ల కిందట పూర్తయినది, 102 అంతస్తులది, ప్రపంచంలో అతి ఎత్తయినది. 1933 నాటి విశాఖలో అలాంటి కట్టడం లేదు, ఉన్నది డాల్ఫిన్స్ నోస్. కొండముచ్చు కొండ ఎక్కితే అది ఇంటికి వెళ్లినట్టే ఉంటుంది కానీ చావుకు వెళ్లినట్టు ఉండదని పిన్నికూతురు రెండు నెలలుగా అడ్డం పడుతోంది. అటువైపు యారాడలోకి దిగి బతికిపోతాడంటే నేను ఒప్పుకోను. అప్పుడది నిద్రపుచ్చే కథ అవుతుంది.

నేపథ్యాలు వేసే అమ్మాయి, సాధారణంగా మా వాదనల్లో నోరు విప్పదు, మొన్న మూడు బొమ్మలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిదాంట్లో రేవు కాలువకు ఇవతల గుడి, చర్చి, దర్గా ఉన్న మూడు గుట్టల మీద జనం గుంపులు. రెండోదాంట్లో, రేవు నోటి దగ్గర అలల ఉధృతి ఆపడానికి ముంచిన రెండు పాత ఓడల మీద కాలు పెట్టి, గాయపడిన కొండబాబు కాలువ దాటుతున్నాడు. మూడోదాంట్లో అతను కొండ మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు, ముఖం సముద్రం వైపు, భుజం ఎక్కడ అయిపోయి రాయి ఎక్కడ మొదలైందో తెలియదు. ఈ ఊరివాళ్లందరం రోజూ చూసే ఆకారమే అది. ముగ్గురం చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాము. ఆ దృశ్యంలో తప్పెట ఉండదు, జముకు ఒక్కటే.

నవంబరు 16

మేడ మీద దుప్పటి కట్టి, పూర్తయిన నాలుగు నిమిషాల ఇరవై సెకన్లను తొలిసారి బయటివాళ్లకు చూపించాము. వీధిలోని పిల్లలు, రెండు ఇళ్ల పెద్దవాళ్లు, తాతగారు. పిల్లలు రేవు పాట పల్లవిని రెండోసారికే అందుకున్నారు. కొండబాబు అడుగులు మొదలయ్యాక తాళం వేస్తున్న చేతులు తడబడ్డాయి, ఒక పాప చప్పట్లు ఆపేసి తన రెండు కాళ్లనూ చాప మీదికి లాక్కుంది. మేము చేత్తో పెట్టుకున్న చివరి కలయిక దగ్గర పక్కింటి ఆవిడ “అమ్మో” అని, వెంటనే అన్నందుకు నవ్వుకుంది. ఎండుచేపల దగ్గర ఎవరూ నవ్వలేదు, కాకి దగ్గర నవ్వారు. దుప్పటికి గాలి తగలడం వల్ల కొండ దృశ్యం మాత్రం పాడైంది, దాని గురించి ఏమీ చెప్పలేను.

తాతగారు అందరూ వెళ్లేదాకా కుర్చీలోనే ఉన్నారు. చివరి గర్జనకు ముందు ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు టేపులో పడింది. అది వాయించేవాడి శబ్దమే తప్ప జంతువుది కాదని నేను కోసేశాను. “ఊపిరి తీసీకుండా అరిచినాడేటి బాబూ మీ కొండబాబు?” అని అడిగారు. పాత ఫైలు తెరిచి వెతికాను. ఆ ఊపిరి 9 ఫ్రేములు ఉంది, సగం వేగంలో 18. కొండబాబు ఛాతీ లేవడానికి అన్ని బొమ్మలు మా దగ్గర లేవు. రేపు పొద్దున పిన్నికూతురికి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.